ఆ రెండు వేలూ నీ దగ్గరే ఉంచుకో

అమ్మలూ,

కార్డు ప్రొటెక్షన్ ప్లాన్ తీసుకోమని బ్యాంకు నుంచి ఫోన్ చేసిన అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడని రాశావు. మాట్లాడతాడు మరి, పాపం అతనికీ నెలాఖరుకి ఇన్ని అమ్మాలని టార్గెట్ ఉంటుంది. పర్సు పోతే ఒక్క కాల్‌తో కార్డులన్నీ బ్లాక్ చేస్తామన్నాడు, ఎవడైనా వాడేస్తే లక్షల్లో కవర్ ఉందన్నాడు, ఏడాదికి రెండు వేల చిల్లరేగా అన్నాడు. హైదరాబాద్‌లో ఒక్కదానివే ఉంటున్నావు, కిక్కిరిసిన మెట్రోలో రోజూ తిరుగుతున్నావు, భయం వేయడంలో తప్పేం లేదు. కానీ నన్నడిగావు కాబట్టి చెబుతున్నా, తీసుకోకు. బ్యాంకు కౌంటర్ వెనక కూర్చునే జుట్టు నెరిసిన పెద్దమ్మ మాట ఇది. ఎందుకో కూడా చెబుతాను.

ఆ అబ్బాయి నీకు చెప్పని సంగతి ఒకటుంది. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. నీ ప్రమేయం లేకుండా నీ ఖాతాలోంచో కార్డు మీదో ఎవరైనా డబ్బు లాగేస్తే ఆ నష్టం ఎవరు భరించాలో అందులో రాశారు. తప్పు బ్యాంకుదైతే నీకు పైసా నష్టం ఉండకూడదు, నువ్వు ఫిర్యాదు చేసినా చేయకపోయినా. తప్పు నీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో లోపం జరిగిందనుకో. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లో నువ్వు చెప్తే అప్పుడూ నీ మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెప్తే మామూలు సేవింగ్స్ ఖాతాకైనా, 5 లక్షల లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకైనా నీ వంతు 10,000 రూపాయలకు మించదు. ఏడు దాటితే మాత్రం ఆ బ్యాంకు బోర్డు పెట్టుకున్న పాలసీ ఏం చెబితే అది. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ సొమ్ము తాత్కాలికంగా నీ ఖాతాలో వేయాలి, తొంభై రోజుల్లో వ్యవహారం తేల్చాలి. తప్పు నీదేనని నిరూపించాల్సిన బాధ్యత కూడా బ్యాంకు మీదే పెట్టారు.

ఇదంతా నీకు హక్కుగా ఉన్నదే, ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడం ఎందుకమ్మా?

అయితే ఆ సర్క్యులర్‌లో నీకు అనుకూలం కానిది కూడా ఉంది, దాన్ని దాచను. పిన్నో ఓటీపీయో నువ్వే ఎవరికైనా చెప్పి పోగొట్టుకుంటే, నువ్వు బ్యాంకుకు చెప్పే క్షణం దాకా పోయినదంతా నీదే. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకుది. మా కౌంటర్ దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇలా పోగొట్టుకున్నవాళ్లే. దొంగ పర్సు కొట్టేసిన కేసులు తక్కువ, మనమే నోటితో చెప్పేసినవి ఎక్కువ. కాబట్టి ఏ కవర్ అమ్మేవాడినైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "నేను మోసపోయి ఓటీపీ చెప్పేస్తే మీరు ఎంత ఇస్తారు, ఏ షరతు మీద ఇస్తారు?" కొన్ని పథకాల్లో దానికీ కొంత కవర్ ఉంటుంది. కానీ ఇన్ని గంటల్లోగా చెప్పాలి, ఎఫ్ఐఆర్ కాపీ తేవాలి, ఇంతకు మించి ఇవ్వం అనేవి చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ కాగితం చేతికి రాకుండా ఫోన్‌లో "ఓకే" అనడమంత తెలివితక్కువ పని లేదు.

ఇక నువ్వు భయపడుతున్న అసలు సంగతికి వద్దాం, పర్సు పోవడం. దొంగ చేతికి కార్డు చిక్కినా పిన్ తెలియకుండా ఏటీఎంలో ఏమీ చేయలేడు. మన దేశంలో ఆన్‌లైన్‌లో కొనాలంటే మామూలుగా ఓటీపీ కావాలి. మిగిలింది రెండు కంతలు. మెషీన్ మీద కార్డు ఆనించి, అంటే ట్యాప్ చేసి కట్టడం ఒకటి, 2021 జనవరి నుంచి 5,000 రూపాయల దాకా దానికి పిన్ అడగరు. ఓటీపీ అడగకుండానే కార్డు నంబరు తీసుకునే కొన్ని విదేశీ వెబ్‌సైట్లు రెండోది. ట్యాప్ విషయంలో బ్యాంకు, "కార్డు పోగొట్టుకున్నది నువ్వే, వెంటనే చెప్పలేదు కూడా" అని వాదనకు దిగొచ్చు, ఒక్కో బ్యాంకు ఒక్కోలా చూస్తుంది. అందుకని ఆ వాదన రాకుండానే చూసుకో. 2020లో రిజర్వ్ బ్యాంకు ప్రతి కార్డుకీ ఆన్, ఆఫ్ మీటలు పెట్టించింది. నీ బ్యాంకు యాప్ తెరిస్తే ట్యాప్, ఆన్‌లైన్, విదేశీ వాడకం ఒక్కోదానికీ విడివిడిగా మీట ఉంటుంది, పక్కనే లిమిట్ కూడా. విదేశీ వాడకం ఇవాళే ఆపేయ్, నువ్వేమీ రేపు సింగపూర్ వెళ్లడం లేదుగా. ట్యాప్‌తో పని లేకపోతే అదీ ఆపేయ్, కావాలంటే చిన్న లిమిట్ పెట్టుకో. నెలకు పదిహేను వేలు ఖర్చుపెట్టే పిల్లకి లక్షన్నర లిమిట్ తెరిచి ఉంచడం దేనికి? ఈ పని చేస్తే ఆ రెండు వేలు పెట్టి కొనబోయే ధైర్యంలో చాలా మటుకు నీకు ఉచితంగా వచ్చేస్తుంది.

ఆ పథకాల్లో ఏమీ లేదని అనను. నాలుగైదు కార్డులు జేబులో పెట్టుకుని దేశాలు తిరిగేవాళ్లకి ఒకే ఫోన్‌తో అన్నీ ఆపించడం సుఖమే. పరాయి ఊళ్లో చిక్కుకుంటే హోటల్ బిల్లుకీ, టికెట్‌కీ డబ్బు సర్దుతారు, అయితే అది అప్పు, మళ్లీ కట్టాలి. ఒంటరిగా ఉంటూ కస్టమర్ కేర్ చెప్పే "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అర్థం కాని పెద్దవాళ్లకి కూడా పనికిరావచ్చు. నీకున్నవి రెండే కార్డులు, వాటిని ఆపించడం రెండు నిమిషాల పని.

బ్రిటన్‌లో ఇదే సరుకు ఇలాగే అమ్మి ఒక కంపెనీ దొరికిపోయింది. సీపీపీ అని దాని పేరు. కార్డు పోతే లక్ష పౌండ్ల దాకా కవర్ అని అమ్మింది, అసలు ఆ నష్టం నుంచి కొన్నవాళ్లను అప్పటికే వాళ్ల బ్యాంకులే కాపాడుతున్నాయి. 2012 నవంబరులో అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ ఆ కంపెనీకి 1 కోటీ 5 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. మరుసటేడు 70 లక్షల మంది ఖాతాదారులకు 130 కోట్ల పౌండ్ల దాకా తిరిగి ఇవ్వడానికి ఒక పథకం పెట్టారు, ఆ కవర్ అమ్మిపెట్టిన బ్యాంకులూ కార్డు కంపెనీలూ అందులో భాగం పంచుకోవలసి వచ్చింది. అంత చదువుకున్న దేశంలో అంతమంది కొన్నారు, నువ్వు ఊగిసలాడడంలో వింతేముంది?

ఇంకో మోసం సంగతి చెప్పి తీరాలి. ఈ మధ్య దొంగలే, "మీ కార్డు మీద ప్రొటెక్షన్ ప్లాన్ యాక్టివేట్ అయింది, రెండు వేల ఐదొందలు కట్ అవుతుంది, వద్దనుకుంటే రద్దు చేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ చేస్తున్నారు. వద్దనుకునేవాళ్లే ఇందులో పడతారు, అంటే నాలాంటి పిసినారి ముసలమ్మలు. రద్దు చేయడానికి ఓటీపీ ఎందుకురా అని అడుగు, అవతలివాడు పెట్టేస్తాడు. ఒకవేళ చెప్పేశావే అనుకో, సిగ్గుపడుతూ కూర్చోకు. మొదట బ్యాంకుకి, వెంటనే 1930కి ఫోన్ చెయ్. ఫిర్యాదు నంబరూ టైమూ రాసుకో, ఎందుకంటే నువ్వు చెప్పిన నిమిషం నుంచి పోయేది బ్యాంకు లెక్కలోకి వస్తుంది. నెల రోజులైనా బ్యాంకు పట్టించుకోకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, ఫిర్యాదుకి ఖర్చు లేదు.

మళ్లీ ఆ అబ్బాయి ఫోన్ చేస్తే విసుక్కోకు, "వద్దు బాబూ, నా ఒప్పుకోలు లేకుండా యాక్టివేట్ చేయకండి" అని స్పష్టంగా చెప్పు. "చూద్దాంలెండి" అనకు. బీమా కవర్ అంటగట్టాలంటే కార్డుదారు స్పష్టంగా, రాతపూర్వకంగానో డిజిటల్‌గానో ఒప్పుకోవాలని 2022లో రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. అయినా స్టేట్‌మెంట్ వచ్చినప్పుడల్లా చివరి దాకా చదువు. ఈ కవర్లు చాలావరకు ఏటేటా వాటంతటవే రెన్యూ అవుతాయి, ఒకసారి ఊ అన్నది ఏళ్ల తరబడి కొనసాగుతుంది.

పర్సు పోయినప్పుడు ఫోన్ కూడా దాంతోనే పోతుందని ఎవరూ ఆలోచించరు. అప్పుడు యాప్ ఏదీ, హెల్ప్‌లైన్ నంబరేదీ? అందుకని రెండు బ్యాంకుల హెల్ప్‌లైన్ నంబర్లూ, నీ సిమ్ కంపెనీ నంబరూ, కార్డుల చివరి నాలుగంకెలూ ఒక కాగితం మీద రాసి నీ రూమ్మేట్ దగ్గరో, అల్మరాలోనో పెట్టు. పిన్ రాయకు సుమా. అదే కాగితం ఫొటో తీసి అమ్మకి పంపు. ఫోన్ పోతే ముందు సిమ్ ఆపించాలి, ఓటీపీలు వచ్చేది దానికే కదా.

దసరాకి వచ్చినప్పుడు మీ నాన్నగారి క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు కూడా తీసుకురా, రెండేళ్లవి. ఏటా ఏదో ఒక తేదీన రెండు వేల చిల్లర కట్ అవుతోందని మీ అమ్మ అంటోంది, అదేమిటో ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ