కొబ్బరాకు అడుగున ప్రత్యక్ష ప్రమాణం

కంటికి కనిపించినది ఉన్నదున్నట్టుగా కనిపించిందా, లేక చూసేవాడు ముందే చేసుకున్న నిర్ణయం ఆ చూపులో కలిసిపోయిందా అన్న ప్రశ్న భారతీయ తర్కశాస్త్రంలో చాలా పాతది. బౌద్ధ తార్కికుడైన దిఙ్నాగుడు ప్రమాణసముచ్చయంలో ప్రత్యక్షాన్ని కల్పన సోకని జ్ఞానంగా నిర్వచించాడు. కల్పన అంటే చూసినదానికి పేరు, జాతి, గుణం వంటివాటిని తగిలించడం. 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్, వేంగికి దగ్గరలోని ఒక కొండమీద దిఙ్నాగుడు తర్కగ్రంథం రచించాడని రాశాడు కనుక, కొబ్బరితోటల కోనసీమకు ఇది పొరుగున పుట్టిన వాదమే. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఈ నిర్వచనాన్ని సగం మాత్రమే ఒప్పుకున్నారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం ప్రకారం, ఇంద్రియానికీ వస్తువుకూ ఏర్పడే సంబంధం, అంటే సన్నికర్షం వల్ల పుట్టే జ్ఞానం ప్రత్యక్షం. అందులో విశేషణాలేవీ తెలియనిది నిర్వికల్పకం, 'ఇది ఫలానా' అని తెలిసేది సవికల్పకం. రెండు పక్షాలకూ మధ్య ఎంత దూరమున్నా, విడదీసి గుర్తుపట్టడం తొలి చూపు తరువాతి పని అన్నదాంట్లో పేచీ లేదు.

ఫోకస్‌ను చేత్తో తిప్పుకోవలసిన మాక్రో లెన్స్ ఈ వరుసను తారుమారు చేసినట్టు కనిపిస్తుంది. మాక్రో లెన్స్ అంటే వస్తువు ఎంత ఉందో కెమెరా సెన్సర్ మీద దాని బింబం కూడా అంతే పడేంత దగ్గరగా ఫోకస్ కాగల లెన్స్. ఆ స్థితిని 1:1 అంటారు. అంత దగ్గరలో, 35 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రమంత సెన్సర్ మీద, కాంతి ప్రవేశించే రంధ్రాన్ని ఎఫ్ 8కి కుదించినా, స్పష్టంగా కనిపించే మందం సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. దానికి ముందున్నదీ వెనకనున్నదీ మసకబారిపోతాయి. లెన్స్ రింగు తిప్పితే ఫోకస్‌తో పాటు బింబం పరిమాణం కూడా మారుతుంది కనుక, అనుభవమున్నవారు కావలసిన పరిమాణం దగ్గర రింగును ఆపి, కెమెరాతో పాటు తామే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుగుతారు. ఏది స్పష్టం కావాలో నిశ్చయించుకున్నాకే అది స్పష్టమవుతుంది; వికల్పం ముందు, ప్రత్యక్షం తరువాత.

ఈ చిక్కు ఎంత నిజమైనదో కోనసీమ కొబ్బరితోటలో తేలుతుంది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ ఆ తరువాత గోదావరి డెల్టాకూ చేరింది. ఆకు అడుగున సుడులుగా గుడ్లు పెట్టి, వాటిని తెల్లని మైనపు పొడితో కప్పే ఈ పురుగు విసర్జించే తియ్యని ద్రవం కింది మట్టల మీద పడి, దానిమీద మసి బూజు పెరుగుతుంది. తోటలోకి వచ్చినవారికి ముందు కనిపించేది ఆ నలుపే. ఈ దోమకు సహజ శత్రువు ఎన్‌కార్సియా అనే అతి చిన్న కందిరీగ; అది దోమ పిల్లలో గుడ్డు పెడితే, దానిలోంచి పుట్టిన కందిరీగ పిల్ల ఆ దోమను లోపలినుంచే తినేస్తుంది. ప్యూపా గుల్లను దగ్గరగా చూస్తే ఎవరు గెలిచారో తెలుస్తుంది: తెల్లదోమ బయటికి వచ్చి ఉంటే గుల్ల ఆంగ్ల 'టీ' అక్షరం ఆకారంలో చీలి ఉంటుంది, కందిరీగ వచ్చి ఉంటే గుండ్రటి చిల్లు ఉంటుంది. కందిరీగ ఎప్పుడో ఎగిరిపోయింది. మిగిలిన చిల్లు హేతువు, అంటే ఊహకు ఆధారం; కందిరీగ సాధ్యం, అంటే ఆ ఆధారంతో తెలుసుకోవలసినది. ఇలా తెలుసుకోవడమే తర్కంలో అనుమానం. తర్కగ్రంథాల్లో నిప్పును తెలిపే కొండమీది పొగ చేసే పనినే ఈ చిల్లూ చేస్తున్నది.

ఫోకస్ గుల్ల పైని మైనపు పోగుల మీద నిలిస్తే అడుగునున్న చీలిక మసకబారి గుండ్రంగా అనిపించవచ్చు, అప్పుడు అనుమానం తప్పుతుంది. అలాగని ప్రత్యక్షమంతా చూసేవాడి కల్పనేనని తేల్చడం తొందరపాటు. రింగును ఎక్కడ ఆపాలన్నది చూసేవాడి ఇష్టం; ఆపినచోట ఉన్నది చిల్లా చీలికా అన్నది అతని ఇష్టం కాదు. ఎంపిక సన్నికర్షానికి దారి తీస్తుందే తప్ప సన్నికర్షంలో తెలిసేదాన్ని తయారుచెయ్యదు. ఈ మేరకు అన్నంభట్టు పక్షమే నిలుస్తుంది. తనంతట ఫోకస్ చేసుకునే లెన్సులోనూ ఎంపిక లేకపోలేదు, అది మోటారు చాటున జరుగుతుంది. అందుకే పొరపాటు ఎక్కడ పుట్టిందో వెతికి పట్టుకోవడం కష్టం. చేత్తో తిప్పే లెన్సుకున్న గొప్పతనం ఇదే కాని, పాతదై చవకగా దొరకడం కాదు. పాతవాటి లోపలి గాజు మీద కోనసీమ తేమకు బూజు పట్టే ప్రమాదం కూడా ఉంది.

చూసేది ప్రాణిని అయినప్పుడు, ఎంత దూరంనుంచి చూడాలన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న కూడా, దానికి జవాబు లెన్స్ కొనేటప్పుడే చెప్పుకోవాలి. 1956లో నికాన్ సంస్థ తెచ్చిన తొలి మైక్రో నిక్కార్, చిక్కటి గీతలుండే జపాను లిపి పత్రాలను మైక్రోఫిల్ముకు ఎక్కించడం కోసం పుట్టింది. కాగితానికి ప్రాణభయం లేదు. అదే వంశంలో తరువాత వచ్చిన 55 మిల్లీమీటర్ల లెన్సును ప్రాణి మీదికి తిప్పితే, 1:1 కోసం అదనపు గొట్టం తగిలించి, పురుగుకు పది సెంటీమీటర్ల లోపుకే వెళ్లవలసి వస్తుంది. 100 మిల్లీమీటర్ల తరగతి లెన్సుతో ఆ దూరం సుమారు పదిహేను, 180 తరగతితో ఇరవై అయిదు సెంటీమీటర్లకు దగ్గరగా ఉంటుంది. చాలినంత దూరం దొరకనివారు ఆకును కోసి గదిలోకి తెచ్చుకుంటారు, కొందరు పురుగును ఫ్రిజ్‌లో పెట్టి కదలకుండా చేస్తారు. పరిశోధనకు అది అవసరం కావచ్చు. కేవలం అందమైన చిత్రం కోసమైతే, అహింసను పరమధర్మంగా చెప్పుకునేవారు దానికి సమర్థన వెతుక్కోవలసి ఉంటుంది. సముద్రపు గాలికి ఆకు ఊగుతుంటే పొడవైన లెన్సుతో ఓపిక పట్టడం కష్టమే అయినా, ఆ కష్టం పడేది చూసేవాడు, పురుగు కాదు.

కొబ్బరి పిందెల ముచ్చికల కింద దాగి రసం పీల్చే ఈరియోఫిడ్ నల్లి విషయంలో మాత్రం ఈ లెన్సులన్నీ దాదాపు ఒకటే. దాని పొడవు మిల్లీమీటరులో సుమారు అయిదో వంతు. వస్తువును రెట్టింపు చేసి చూపే లావోవా 100 మిల్లీమీటర్ల లెన్స్ కింద కూడా సెన్సర్ మీద దాని బింబం అర మిల్లీమీటరుకు చేరదు. ముచ్చిక అంచున పడిన గోధుమరంగు మచ్చను బట్టి నల్లిని ఊహించవలసిందే, ఆ మచ్చను కోనసీమలోని అంబాజీపేట రైతు లెన్స్ లేకుండానే చూసి అదే అనుమానం చేస్తున్నాడు.