యోగ్యుడా, గెలువగలవాడా?



సింగరేణి గనులలో కార్మిక సంఘముల గుర్తింపు ఎన్నికలు 1998 నుండి రహస్య ఓటుచే జరుగుచున్నవి గదా. ఈ మధ్య రాత్రి షిఫ్టు దిగి వచ్చిన గోదావరిఖని సహోదరుడొకడు గుడిమెట్లమీద కూర్చుండి, "అయ్యగారూ, ఆయన మంచివాడే గాని గెలవడు. నా ఓటు బూడిదలో పోసినట్టే గదా?" అని అడిగెను.

మాకు 1969 నాటి రాష్ట్రపతి ఎన్నిక జ్ఞాపకము వచ్చెను. ఆ పోటీలో ముఖ్యులిద్దరును తెలుగువారే. బరంపురమువారైన వి. వి. గిరిగారు రైల్వే కార్మికుల నాయకుడు; బ్యాంకు ఉద్యోగుల తీర్పు విషయమై 1954లో కేంద్ర కార్మికమంత్రి పదవిని విడిచిరి. అనంతపురము జిల్లా ఇల్లూరువారైన నీలం సంజీవరెడ్డిగారు ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి. బస్సు మార్గముల వ్యాజ్యములో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలపై 1964లో రాజీనామా ఇచ్చిరి. ఇద్దరును కుర్చీ పట్టుకొని వ్రేలాడినవారు కారు. ఒకరిని దేవదూతగాను మరియొకరిని దుష్టునిగాను చెప్పువారి మాట మాకు రుచింపదు.

సంజీవరెడ్డిగారి నామినేషనుపై సంతకము చేసిన ఇందిరాగాంధీగారే తరువాత మనస్సాక్షి చొప్పున ఓటు వేయుడనిరి. మనస్సాక్షి గొప్పదే. సంతకము చేయునాడు అదెక్కడ నుండెనని అడుగుట తప్పా?

ఆగస్టు 20న లెక్కింపగా గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 వచ్చెను. గెలుపునకు 4,18,169 కావలెను. రెండవ ప్రాధాన్యపు ఓట్లు కలిపిన మీదట గిరిగారు 4,20,077తో గెలిచిరి, సంజీవరెడ్డిగారికి 4,05,427. దేశ్‌ముఖ్‌గారిని మొదట వ్రాసి మరియొకరిని రెండవ పేరుగా వ్రాసినవారు, యోగ్యుడని తాము తలచినవానిని విడువలేదు, గెలుపు నిర్ణయములో పాలు పోగొట్టుకొనలేదు. మన సహోదరుని చేతిలోనో, ఒక్క గుర్తే.

అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయము చూడుడి. యూదా స్థానమునకు ఇద్దరిని నిలిపిరి. యేసుతోకూడ మొదటినుండి నడిచినవాడై యుండవలెనని ముందుగా నిశ్చయించుకొని, ఆ మీదట చీట్లు వేసిరి. ఎవరు నియమింపబడుదురో చీటికి విడిచిరి గాని, యోగ్యతను చీటికి విడువలేదు. అయితే దోచుకొనువాడు గెలుచునట్లుంటే, వానిని ఆపగల సామాన్యునికి ఓటు వేయుట పాపమని మేము చెప్పజాలము. ఆ తూకము వేరు.

మా తప్పును కూడ చెప్పవలెను. కొన్నేండ్ల క్రిందట సంఘ కోశాధికారి ఎన్నికలో ఒక పేద సహోదరుడు నిలిచెను. లెక్కలో పైసా తప్పనివాడు. "గెలవడు" అని అందరును గుసగుసలాడిరి; మేమును అట్లే తలచి వేరొకరికి గుర్తు పెట్టితిమి. మూడు ఓట్లతో ఓడెను. మాబోటివారు ఇంక ఇద్దరు ముగ్గురున్నను చాలు, ఆయన ఓటమి మా చేతిపనియే. మరుసటి ఆదివారము ఎప్పటివలెనే వచ్చి చాపలు పరచెను.

ఇదంతయు మెట్లమీద చెప్పితిమి. సంజీవరెడ్డిగారు 1977లో పోటీ లేకయే రాష్ట్రపతియైరనియు చెప్పితిమి.

"మరి ఆ చాపలాయన మళ్ళీ నిలిచెనా అయ్యగారూ?" అని సహోదరుడు అడిగెను.

"లేదు" అంటిమి.

ఆయన టిఫిను డబ్బా చేతబట్టుకొని, ఏమియు అనక ఇంటికి నడిచెను.