సలమాంకాలో ఉన్న మా అమ్మలుకి

రాజమండ్రి,
నవంబరు



స్పానిష్ కుటుంబంతో ఉంటున్న ఆ ఇల్లు వదిలేసి ఫ్లాటుకి మారతానంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది, ఆ సంగతి గురించి నిన్నేమీ అడగబోవడం లేదు. అడిగితే నువ్వేం చెబుతావో నాకు తెలుసు. అందులో కొంత న్యాయం ఉందనీ తెలుసు. నెలనెలా ఇంత పోస్తున్నాను, ఒక గది, రెండు పూటల తిండి, వారానికోసారి ఉతికిన బట్టలు ఇస్తున్నారు, భాష మాత్రం అంటుకోవడం లేదు, మరి పరాయి ఇంట్లో ఒదిగి ఒదిగి బతకడం దేనికి? ఇదీ నీ లెక్క. మీ నాన్న వినగానే సరేనన్నాట్ట. లెక్కలు బాగా వచ్చినవాళ్ళతో ఇదే తంటా, కూడిక కుదిరితే చాలు, వేసిన అంకె సరైనదో కాదో చూడరు. నువ్వు కట్టిన డబ్బు దేనికి చెల్లిందో, దేనికి చెల్లలేదో తేల్చుకోకుండానే దండగ అనేశావు. నేను కాదనేది ఆ ఒక్క మాటనే.

ముందు నీ తరఫు సాక్ష్యమే చెబుతాను. పరాయి దేశంలో ఒక కుటుంబంతో ఉంటే భాష దానంతటదే వచ్చేస్తుందని కోర్సులు అమ్మేవాళ్ళు అంటారు. పరిశోధకులు ఆ మాటకి పెద్దగా వంత పాడలేదు. రష్యాలో చదివిన అమెరికన్ విద్యార్థుల మీద విలియం రివర్స్ 1998లో వేసిన వ్యాసం చూస్తే, హాస్టళ్ళలో ఉన్నవాళ్ళ కంటే ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు మాట్లాడడంలో ముందుకి వెళ్ళిందేమీ లేదు, చదవడంలో మాత్రం మెరుగుపడ్డారు. 2004లో సెగలోవిట్జ్, ఫ్రీడ్ అనే ఇద్దరు స్పెయిన్‌లోని అలికాంతేలో ఒక సెమిస్టరు గడిపిన పిల్లల్ని, తమ దేశంలోనే ఉండి స్పానిష్ చదివిన పిల్లల్తో పోల్చారు. వెళ్ళినవాళ్ళ మాటలో ధార పెరిగింది నిజమే. కానీ తరగతి బయట ఎంతసేపు స్పానిష్ వాడారన్నదానికీ ఆ పెరుగుదలకీ సూటిగా లంకె దొరకలేదు. అదే ఏడాది ఫ్రెంచి మీద వచ్చిన ఇంకో పరిశీలన మరీ చిత్రం. ఫ్రాన్సు వెళ్ళిన అమెరికన్ విద్యార్థులు తరగతి బయట ఫ్రెంచి కంటే ఇంగ్లీషే ఎక్కువ వాడుకున్నారట. సొంత దేశంలోనే ఉండి, రేయింబవళ్ళు ఫ్రెంచిలోనే బతకాలని నియమం పెట్టుకుని చదివినవాళ్ళు ధారాళంగా మాట్లాడడంలో వాళ్ళని దాటిపోయారు. అంటే ఊరు మార్చినంత మాత్రాన, ఇంట్లో దిగినంత మాత్రాన ఏమీ రాదు. ఇంతవరకూ నీ మాటే నెగ్గింది.

అయితే ఎందుకు రాదు? పొద్దున్నే ఒక పలకరింపు, భోజనం ఎన్నింటికని ఒక ప్రశ్న, బావుందని ఒక మెచ్చుకోలు, వెళ్ళొస్తానని ఒక మాట, రాత్రి తలుపు దగ్గర శుభరాత్రి. ఈ అయిదు ముక్కలతో ఏడాదంతా నడిపేయొచ్చు. అద్దెకున్న మనిషికి అంతకంటే అవసరం పడదు. భాష వచ్చేది, మన మాట కోసం ఎదుటివాళ్ళు ఆగాల్సి వచ్చినప్పుడు. మనం చెప్పకపోతే పని జరగదు అన్నప్పుడు. దీనికి సాక్ష్యం స్పెయిన్ దాకా వెళ్ళి వెతకక్కర్లేదు, అనంతపురంలో ఉంది. బార్సిలోనా మనిషి విసెంతె ఫెర్రెర్ 1969లో అక్కడికొచ్చి మొదలుపెట్టిన ఆర్‌డీటీ అనే సేవాసంస్థకి స్పెయిన్ నుంచి దాతలు ఇప్పటికీ వస్తూంటారు. తాము చదివిస్తున్న పిల్లల్ని చూసుకోవాలని పల్లెలకి వెళ్తారు. దాతకీ పిల్లకీ నడుమ నిలబడి, వాళ్ళ మాట వీళ్ళకీ వీళ్ళ మాట వాళ్ళకీ అందించేది మన తెలుగువాళ్ళే. ఒక పక్క కళ్ళనీళ్ళు పెట్టుకున్న ముసలావిడ, ఇంకో పక్క సిగ్గుతో తల వంచుకున్న పిల్ల, మధ్యలో నువ్వు. అక్కడ నోరు పెగలకపోతే ఆ ప్రయాణమే వృథా. అలాంటి చోట భాష రాక ఏం చేస్తుంది?

మా కాలం సంగతి దీనికి ఎదురు సాక్ష్యం. గాంధీగారి పూనికతో 1918లో మద్రాసులో పుట్టిన హిందీ ప్రచార సభ మన ఊళ్ళ మీద ఎంత ప్రభావం చూపిందో మీ తరానికి తెలీదు. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ అని మెట్లుమెట్లుగా పరీక్షలు. సాయంత్రమైతే ఎవరో ఒక మాస్టారి అరుగు మీద చాపలేసుకుని కూర్చున్న పిల్లలు, గోడకి ఆనించిన నల్లబల్ల, దాని మీద పుంలింగ, స్త్రీలింగాల పట్టిక. తులసీదాసుకి వ్యాఖ్యానం రాయగలిగిన ప్రవీణలు ఢిల్లీ స్టేషన్లో కూలీతో బేరమాడాల్సి వస్తే పక్కవాడి మొహం చూసేవారు. ఒక్క పరీక్షా రాయని మన లారీ డ్రైవర్లు నాగపూరు దాటాక దాబాల్లో హాయిగా పోట్లాడుకునేవారు. మా మాస్టర్లని నేను తప్పు పట్టను, వాళ్ళు నేర్పింది గట్టి చదువు. ఆ భాషలో మా కోసం ఎదురుచూసే మనిషే మాకు లేడు, లోటు అది. తీరా అలాంటి మనుషులున్న చోటికి వెళ్ళాక కూడా తలుపేసుకు కూర్చుంటే ఎంత నష్టం! 

వ్యాకరణం కోసమైతే నువ్వు అంత దూరం పోనక్కర్లేదు. 1218లో పుట్టిన విశ్వవిద్యాలయం నీడలో నువ్వున్నావు. అక్కడే చదివి అక్కడే పాఠాలు చెప్పిన నెబ్రిహా కస్తీలియన్ భాషకి వ్యాకరణం అచ్చు వేయించింది 1492లో. ఐదు వందల ఏళ్ళుగా దొరుకుతున్న సరుకది. ఢిల్లీలో సెర్వాంతెస్ సంస్థ తరగతిలోనూ దొరుకుతుంది. అక్కడ దొరకనిదేమిటో నీకు తల తిరిగిపోతోందన్న ఆ సబ్జంక్టివ్‌తోనే చెబుతాను. ఒకరు ఇంకొకరు ఏదో చెయ్యాలని కోరుకున్నా, వద్దని వారించినా, ఏమవుతుందోనని బెంగపడినా, ఇంకా జరగనిదాన్ని తలుచుకున్నా స్పానిష్ క్రియ రూపు మార్చుకుంటుంది. పుస్తకంలో అదో పెద్ద పట్టిక. ఇంట్లో అయితే పొద్దున్నుంచి రాత్రిదాకా ఆడవాళ్ళ నోట వినబడేది అదే. ఇంకాస్త తినాలి నువ్వు, చీకటి పడకముందే వచ్చెయ్యి, వచ్చాక నన్ను లేపు, ‘నో సాల్గాస్ సిన్ అబ్రీగో’, కోటు లేకుండా బయటికి పోకు. ఏ ఇంట్లోనైనా ప్రేమా సాధింపూ కలగలిసి నడిచే క్రియ అది. కానీ ఈ మాటలు ఎవరితో అంటారు? రాకపోకలు తమకి పట్టే మనిషితో. తలుపేసుకుని కూర్చున్న అద్దె మనిషికి కోటు వేసుకోమని ఎవరూ చెప్పరు. వాళ్ళకలా చెప్పే చనువు నువ్వు ఇవ్వకపోతే, ఆ పాఠం నీకు ఎవరూ చెప్పలేరు.

ఆ ఇంటావిడ నిన్ను డబ్బు కోసమే పెట్టుకుంది కదా, ప్రేమ ఎక్కడిది అంటావు. డబ్బు కోసమే, సందేహం లేదు. పిల్లలు ఎదిగి వెళ్ళిపోయాక ఖాళీ గదుల్ని ఇలా ఇచ్చి ఇల్లు గడుపుకునేవాళ్ళు ఆ దేశంలో చాలామంది. అందులో తప్పేముంది? మన తాతగారు వారాలు చేసుకుని, అంటే వారంలో రోజుకో ఇంట్లో తింటూ, చదివారు. ఆయన ఒక్క కానీ కట్టలేదు, దయ మీద తిన్నారు. వారాల్లో కులం పట్టింపూ ఉంది, చిన్నచూపూ ఉంది, అదేదో స్వర్ణయుగమని నేను పొగడను. కానీ వారాల పిల్లాడు ఏడిళ్ళల్లోనూ ఏదో ఒక పనికి అక్కరకొచ్చేవాడు. ఉత్తరం చదివి పెట్టేవాడు, పసివాళ్ళకి అక్షరాలు దిద్దించేవాడు. అందుకే ఏడిళ్ళ కష్టసుఖాలూ అతని చెవిన పడేవి. నువ్వు డబ్బు కడుతున్నావు గనక ఎవరి దయా అక్కర్లేదు, అది నీ అదృష్టం. ఆ డబ్బుకి వచ్చేది గది, కంచం. కబుర్లు అందులో లేవు, అమ్మకానికీ లేవు. అవి కావాలంటే ఆ ఇంట్లో ఏదో ఒక పనికి నువ్వు కావలసిన మనిషివి అవ్వాలి.

తిండి సంగతి ఒప్పుకుంటాను, అది చిన్న కష్టం కాదు. పప్పు అని ఆశపడితే అందులో పంది సాసేజీ ముక్క తేలుతుంది. మాంసం తిననని చెబితే చాలదు. హామ్ వద్దనీ, ట్యూనా వద్దనీ విడివిడిగా చెప్పాలి. అక్కడ చాలామంది దృష్టిలో అవి మాంసం లెక్కలోకి రావు. ఇక ఫోనులోనే నేర్చుకోవచ్చుగా, ఒక యాప్ చాలుగా అన్న వాదన ఉందే, దానికి నీ పరీక్షే జవాబిస్తుంది. దెలె బి2లో చదవడం, రాయడం ఒక జట్టు, వినడం, మాట్లాడడం ఇంకో జట్టు. ఒక్కో దాంట్లో 50కి 30 తెచ్చుకోవాలి. దీన్లో మిగిలింది దాన్లో కలపరు. చదువులో నీకు నలభై అయిదు వచ్చినా, బల్లకి అవతల కూర్చున్న మనిషి ముందు నోరు మెదపకపోతే తప్పినట్టే. ఉచ్చారణలో నీకు బెంగ లేదు. వాళ్ళ అయిదు అచ్చులూ మనకి చిన్నప్పటి నుంచీ నోట నానినవే. త, ద పళ్ళకి ఆనించి పలకడానికి ఇంగ్లీషు పిల్లలు పడే అవస్థ నీకు లేదు. ఇంత మంచి నోరు పెట్టుకుని దాన్ని గదిలో బీరువాలా మూసుకు కూర్చుంటే నాకు కోపం రాదూ?

నిజానికి కోపం నీ ఒక్కదాని మీద కాదు. మేం విదేశం వెళ్ళినవాళ్ళ ఉత్తరం కోసం నెల రోజులు చూసేవాళ్ళం. ఇప్పుడు పూటపూటకీ మొహాలు చూసుకుంటేగాని ముద్ద దిగదు. పెద్దవాళ్ళే చెడగొడుతున్నారు. పిల్ల సలమాంకాలో ఉంటుంది, చెవులు మాత్రం రాజమండ్రిలో. పోనీ మనవాళ్ళు దొరికారని సంబరపడదామా అంటే, ఎక్కడికెళ్ళినా నలుగురు కలిసి అక్కడో అమీర్‌పేట కట్టుకోవడం అలవాటైపోయింది. అదే సాంబారు, అవే సినిమాలు, అదే వీసా గోల. మనవాళ్ళతో స్నేహం వద్దనడం లేదు. ఆదివారం వెళ్ళు, పులిహోర తిను, రా. కాపురం పెట్టకు.

ఒక్క విషయంలో మాత్రం నా వాదన అంతా పక్కన పెట్టెయ్. ఆ ఇంట్లో ఎవరైనా నీతో తేడాగా ప్రవర్తించినా, గది గడియ పడకపోయినా, నీ రంగు గురించో దేశం గురించో పదేపదే ఎత్తిపొడుస్తున్నా, భాష కోసం భరించాల్సిన పని లేదు. ఆ రోజే స్కూల్లో ఇళ్ళు కుదిర్చే మనిషికి చెప్పి ఇల్లు మార్చుకో. అత్యవసరమైతే 112. అయితే మీ అమ్మ చెప్పినదాంట్లో అలాంటిదేమీ లేదు. ఇంటావిడ టీవీ గట్టిగా పెడుతుంది, వేడినీళ్ళు తొందరగా అయిపోతున్నాయి, రాత్రి తొమ్మిదిన్నర దాకా భోజనం పెట్టదు. ఇవా ఇల్లు విడిచే కారణాలు?

ఇక చెయ్యాల్సింది విను. ఆ ఫ్లాటుకి అడ్వాన్సు కట్టకు. కట్టేసి ఉంటే నాకు రాయి, మీ నాన్నకి తెలియకుండా చూసుకుందాం. ఇల్లు మారితే మునిసిపాలిటీలో చిరునామా నమోదు కూడా మళ్ళీ మార్చుకోవాలి, అది గుర్తుందా? క్రిస్మసు దాకా ఈ ఇంట్లోనే ఉండు. ఆ తర్వాత నీ ఇష్టం, నేను అడ్డు రాను. మధ్యాహ్నం భోజనానికి ఫోను గదిలో వదిలేసి వెళ్ళు. తినడం అయిపోగానే లేవకు. మూడింటికి వార్తలు పెడతారు, బల్ల దగ్గరే కూర్చుని సోబ్రెమేసా అని గంటసేపు మాట్లాడుకుంటారు, నీ బడి అదే. పాతకాలపు ఇల్లయితే ఈ చలిలో గుండ్రబల్ల మీద నేలదాకా మందపాటి గుడ్డ కప్పి, కింద హీటరు పెడతారు. గది కంటే అక్కడే వెచ్చగా ఉంటుంది, కాళ్ళు లోపల పెట్టుకుని కూర్చో. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడుగు, నవ్వి ఊరుకోకు. ఇంట్లో ఇంకో విదేశీ పిల్ల ఉంటే ఆ బల్ల దగ్గర ఆ అమ్మాయితో ఇంగ్లీషు వద్దు.

రోజుకో పని నీది అని అడిగి తీసుకో. బల్ల సర్దడమో, రొట్టె తేవడమో, ఏదైనా సరే. రొట్టెల కొట్టుకి నువ్వే వెళ్తే, ఏ రొట్టె, ఎంత కాలింది అని రోజూ ఆవిడ నీకు చెప్పాలి, కొట్టువాడికి నువ్వు చెప్పాలి. గురువారం రాత్రి వంట నేను చేస్తానని చెప్పు. జీలకర్ర వేసిన బంగాళాదుంప వేపుడు, అన్నం చాలు, కారం తగ్గించు. ఆవిడ పక్కన నిలబడి ఏం వేస్తున్నావని అడుగుతుంది, చెప్పాల్సిందే. వాళ్ళ ఆమ్లెట్టు ఎలా తిరగేస్తారో నువ్వు అడుగు.

మీ అమ్మ సంగతి నేను చూశాను. ఆవిడ రోజూ సాయంత్రం ఏడింటికి నీకు ఫోను చేస్తోంది కదా, ఈ నెల్లో అక్కడ అది మధ్యాహ్నం రెండున్నర, వాళ్ళు కంచాల ముందు కూర్చునే వేళ. ఇక నుంచి మనకి రాత్రి తొమ్మిదిన్నరకి చేస్తుంది, నీకు సాయంత్రం అయిదవుతుంది. ఆదివారాలు మాత్రం ఎప్పుడైనా సరే. గొణిగింది గానీ ఒప్పుకుంది. నువ్వు కూడా ఏడింటికి మిస్డ్ కాల్ ఇచ్చి దాన్ని కంగారు పెట్టకు.

ఇట్లు
మీ పెద్దమ్మ