తెలిసినట్టుండే మాటల దగ్గరే జాగ్రత్త

అమ్మలూ, ఎం.ఏ. ఇంగ్లిష్‌లో చేరినప్పటినుంచీ కనబడ్డ వింత మాటనల్లా నోటుబుక్కులోకి ఎక్కిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. రాసుకో తల్లీ, మంచిదే. కానీ నిన్ను ముంచేవి అవి కావు. బొత్తిగా తెలియని మాట ఎదురైతే నువ్వే ఆగి నిఘంటువు తీస్తావు. రోజూ వాడే మాటలా కనబడి, అర్థం వేరుగా ఉండేవాటి దగ్గర ఆగకుండా వెళ్లిపోతావు.

నీ పాస్‌పోర్టు అట్ట తిప్పి చూడు. ఈమెను ఏ ‘లెట్’ లేకుండా సాగనివ్వండని రాష్ట్రపతి పేరిట కోరారు. మనకు తెలిసిన లెట్ అంటే పోనివ్వడం. అక్కడున్న లెట్ అంటే అడ్డు. ఒకప్పుడు ఇవి రెండు వేర్వేరు క్రియలు, కాలక్రమేణా నోట్లో నలిగి ఒకేలా అయ్యాయి. తండ్రి ప్రేతం వెంట వెళ్లబోతుంటే పట్టి ఆపిన మిత్రులను హామ్లెట్ బెదిరించేదీ ఈ మాటతోనే. పోనిచ్చేవాణ్ణి చంపుతానన్నాడనుకుంటే సన్నివేశమే తలకిందులవుతుంది!

జూలియట్ ‘వేర్‌ఫోర్’ కూడా అంతే. రోమియో ఎక్కడున్నాడని ఆ పిల్ల వెతకడం లేదు, రోమియోవి ఎందుకయ్యావని కుమిలిపోతోంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ ఆదికాండంలో దేవుడు మొక్కలనూ పండ్లనూ మనుషులకు ‘మీట్’గా ఇస్తాడు. అప్పట్లో ఏ తిండైనా మీటే.

తెలుగుపిల్లవి కావడం నీకు ఒకచోట బాగా కలిసొస్తుంది. ‘దౌ’కీ ‘యూ’కీ తేడా ఇప్పటి ఇంగ్లిష్ పిల్లలకు పాఠంగా చెప్పాలి. నువ్వు, మీరుల మధ్య పెరిగినదానివి, నీకు ఇట్టే తెలుస్తుంది. కింగ్ లియర్ మొదటి రంగంలో కెంట్ నిండు కొలువులో రాజును పట్టుకుని ‘దౌ’ అనేస్తాడు. ఆ రంగంలో ఎవరు ఎవర్ని ఏమంటున్నారో పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ చదువు. మర్యాద ఎక్కడ తెగిందో కంటికే కనబడుతుంది.

వీటికి చిన్న డిక్షనరీలు చాలవు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు చూడు. 1884లో తొలి భాగం వచ్చింది, 1928కి గానీ పూర్తికాలేదు. అర్థం అర్థానికీ పాత పుస్తకాల నుంచి వాడుకలు ఏరి, ఏళ్ల వరసన పేర్చారు మరి. నువ్వు చదివే పుస్తకం ఏ ఏటిదో ముందు చూసుకో, ఆ ఏటికి దగ్గరగా ఉన్న వాడుక వెతుక్కో. నీ సొంత వ్యాసాల్లోకి మాత్రం ఈ పాతమాటలను లాక్కురాకు.

సెలవులకు వచ్చేటప్పుడు లియర్ తెచ్చుకో. ఆ రంగం ఇద్దరం కలిసి చదువుదాం.