బాల్డ్విన్‌కి అందిన జవాబులు

స్విట్జర్లాండ్ కొండల్లో లాయ్కర్‌బాద్ అనే చిన్న ఊరుంది. వేడినీటి బుగ్గలకి పేరు. ఒంట్లో బాగులేనివాళ్లు అక్కడికి స్నానాలకి వస్తుంటారు. 1951 వేసవిలో జేమ్స్ బాల్డ్విన్ తొలిసారి ఆ ఊరు వెళ్లాడు. న్యూయార్క్‌లోని హార్లెంలో పుట్టి, నల్లవాడిగా అమెరికాలో ఉంటే రాయడం మాట అటుంచి బతకడమే కష్టమని 1948లో పారిస్ చేరిన రచయిత. ఒక స్నేహితుడి కుటుంబానికి ఆ ఊళ్లో ఇల్లుంది. చలికాలంలో మళ్లీ వెళ్లి, ఒక టైపురైటరూ బెస్సీ స్మిత్ పాటల రికార్డులూ దగ్గర పెట్టుకుని, తన మొదటి నవలని అక్కడే పూర్తిచేశాడు.

ఆ ఊరివాళ్లు అంతకుముందు నల్లమనిషిని చూసి ఎరగరు. వీధిలోకి వస్తే పిల్లలు వెంటపడి అరిచేవారు. పెద్దవాళ్లు ఆయన జుట్టు ముట్టుకుని చూసేవారు. రంగు ఊడి వస్తుందేమోనని చేతిమీద రుద్ది చూసినవాళ్లూ ఉన్నారు. పండగ రోజుల్లో ఇద్దరు పిల్లలు మొహాలకి మసి పూసుకుని ఊరంతా తిరిగి చందాలు పోగుచేసేవారు. ఆ డబ్బు ఆఫ్రికాలో ఉన్న మిషనరీలకి పంపేవారు, అక్కడి మనుషుల్ని 'కొనడానికి'. కిందటేడు ఇంతమందిని కొన్నామని హోటలు యజమాని భార్య బాల్డ్విన్‌తోనే చెప్పింది. అన్ని ఆత్మలు తరించాయని ఆమె మొహం వెలిగిపోతోంది. ఆయనా నవ్వు మొహం పెట్టడానికి ప్రయత్నించాడు. ఆమెలో గానీ ఆ పిల్లల్లో గానీ దురుద్దేశం లేదని ఆయనే రాశాడు. నాకు ఊపిరాడనిది అక్కడే. చెడ్డవాడితో పోట్లాడొచ్చు. ఆప్యాయంగా పలకరిస్తూ, నీలాంటివాళ్లని కిందటేడు కొన్నామని చెప్పే మనిషితో ఏం మాట్లాడతాం?

ఈ ఊరి గురించి బాల్డ్విన్ రాసిన వ్యాసం 1953లో 'హార్పర్స్' పత్రికలో అచ్చయింది. అందులో అంతకంటే పెద్ద దిగులు ఇంకొకటి ఉంది. ఈ ఊళ్లో అక్షరం ముక్క రానివాడికి కూడా షేక్‌స్పియర్‌తో, మైకేలాంజెలోతో, రెంబ్రాంట్‌తో ఏదో చుట్టరికం ఉంది, నాకు లేదు అంటాడు బాల్డ్విన్. ఫ్రాన్సులోని షార్ట్ర్ చర్చి వీళ్లకి ఏదో చెబుతుంది, నాకు చెప్పదు. కొన్ని శతాబ్దాలు వెనక్కి వెళితే వీళ్లు తమ వైభవంలో ఉంటారు, నేను ఆఫ్రికాలో నిలబడి నన్ను జయించడానికి వస్తున్నవాళ్లని చూస్తుంటాను. ఆయన చెప్పిన దాని సారం ఇది.

దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేను. నిజానికి ఆ చర్చి రాళ్లు చెక్కినవాడికీ ఈ కొండమీద ఆవులు కాసుకునేవాడికీ సంబంధం ఏముంది? అతను జీవితంలో ఆ చర్చి గడప తొక్కకపోవచ్చు. షేక్‌స్పియర్ పేరు వినకపోవచ్చు. అయినా నీకిక్కడేం పని అని అతన్ని ఎవరూ అడగరు. బాల్డ్విన్ చదివినంత షేక్‌స్పియర్‌ని ఆ ఊరంతా కలిసి చదివి ఉండదు. అడిగేది మాత్రం ఆయన్నే.

ఆ వ్యాసానికి జవాబు అరవై ఏళ్లు దాటాక వచ్చింది. 2014 ఆగస్టు 2న, బాల్డ్విన్ బతికుంటే తొంభై ఏళ్లు నిండే రోజున, టేజు కోల్ అదే ఊరు వెళ్లాడు. అమెరికాలో పుట్టి, నైజీరియాలోని లేగోస్‌లో పెరిగిన రచయిత, ఫొటోగ్రాఫర్. ఈసారి పిల్లలెవరూ వెంటపడలేదు. ఊరి హోటళ్లలో నల్లవాళ్ల పాటలు వినబడుతున్నాయి. కోల్‌కి బాల్డ్విన్ అంటే ప్రాణం. అయినా చర్చి దగ్గరికి వచ్చేసరికి ఆయనతో ఒప్పుకోలేదు. బాక్ సంగీతం నాది కూడా, రెంబ్రాంట్ చిత్రాలు నావి కూడా, వాటి ముందు నేను దొంగచాటుగా లోపలికి వచ్చినవాడిలా నిలబడను అన్నాడు. మా యోరుబా జాతి కవిత్వం, శిల్పం కూడా నాకు తెలుసు, అవి వీటికి తీసిపోవు అన్నాడు. బాల్డ్విన్ దుఃఖాన్ని ఆయన కాదనలేదు. ఆ దుఃఖంలో తనని తాను తగ్గించుకోవడాన్నే కాదన్నాడు.

ఈ ఇద్దరిలో నేనెటు? కళ విషయంలో కోల్ పక్షమే. ఒక రాగాన్ని ఏళ్ల తరబడి చెవిలో పెట్టుకు తిరిగినవాడికి అది చెందకపోతే ఇంకెవరికి చెందుతుంది? కానీ కోల్‌కి ఆ ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చూడాలి. లేగోస్‌లో బడి పంతులూ డాక్టరూ పోలీసూ దొంగా అందరూ నల్లవాళ్లే. తన రంగు ఒక ప్రశ్న అని తెలియకుండా బాల్యం గడపగలిగిన మనిషి ఆయన. వెనక ఒక సొంత ఇల్లు ఉన్నవాడు ఎవరింటికైనా చుట్టంలా దర్జాగా వెళ్లగలడు. హార్లెం పిల్లాడికి ఆ ఇంటినే లేకుండా చేశారు. తాతల భాష పోయింది, ఊరి పేరు పోయింది, మిగిలినది తమని కొన్నవాళ్ల ఇంటిపేరు. 'ఏడు తరాలు' చదివిన తెలుగు పాఠకులకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అలెక్స్ హేలీ పుస్తకాన్ని సహవాసి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980లో వేసింది. ఆ కథలో కుంటా కింటే తన పేరు కోసం కొరడా దెబ్బలు తిన్నది మనవాళ్లు ఎందరికో ఇప్పటికీ గుర్తే.

ఇంకొకటుంది. కోల్ లాయ్కర్‌బాద్ వెళ్లిన వారానికే, ఆగస్టు 9న, అమెరికాలోని ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపాడు. అతని చేతిలో ఆయుధం లేదు. కోల్ వ్యాసంలోకి ఆ చావు కూడా వచ్చి కూర్చుంది. బాక్ తనవాడని నిబ్బరంగా చెప్పగలిగిన మనిషి, వీధిలో నడుస్తున్నప్పుడు తన ఒళ్లు తనదేనని అంత నిబ్బరంగా చెప్పలేకపోయాడు.

ఇక్కడ మన కవి జాషువాని తలుచుకోకుండా ఉండలేను. వినుకొండలో పుట్టిన ఆయనకి లేగోస్ లాంటి నేపథ్యం లేదు. అంటరానితనం అడుగడుగునా ఎదురైన బతుకు. అయినా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు కాళిదాసు మేఘసందేశం చట్రాన్నే చేతిలోకి తీసుకున్నాడు. యక్షుడి స్థానంలో ఊరి బయట బతికే పేదవాడు. మేఘం బదులు గబ్బిలం. గుళ్లోకి తాను వెళ్లలేడు, గబ్బిలం వెళ్లగలదు, దేవుడి చెవి దగ్గర వేలాడగలదు. కాశీలో ఉన్న శివుడికి కబురు దాని చేతే పంపాడు. పద్యం మీ సొత్తని ఆయన ఒప్పుకోలేదు. అలాగని పద్యాన్ని పారేయనూ లేదు. మేఘసందేశం చదివిన పండితుడు గబ్బిలాన్ని పక్కన పెట్టలేని విధంగా రాశాడు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అంతటివాడు ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. కానీ పద్యానికి తలూపినవాళ్లే కులం తెలిశాక మొహం తిప్పుకుని లేచిపోవడం కూడా జాషువా చూశాడు, రాశాడు. పద్యం ఆయనదైంది, పంక్తి కాలేదు. కోల్‌కి బాక్ దొరికి వీధి దొరకనట్టే.

ఇక్కడే పాత తగువు ఒకటి వస్తుంది. 1926లో 'ది నేషన్' పత్రికలో నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఒక వ్యాసం రాశాడు. నేను కవిని కావాలనుకుంటున్నాను, నీగ్రో కవిని కాదు అని ఒక యువకవి తనతో అన్నాడట. ఆ మాట అడుగున తెల్లవాడిగా ఉండాలన్న కోరిక దాగుందని హ్యూస్ నొచ్చుకున్నాడు. ఆనాటికి ఆయన నొచ్చుకోవడం న్యాయమే. కానీ ఆ కుర్రాడి మీద నాకు జాలి కాదు, గౌరవం ఉంది. 'దళిత కవి' అని పిలిస్తే గర్వపడే కవులు మనకున్నారు, గర్వపడాలి కూడా. అదే మాటని సభలో వేరే కుర్చీ వెయ్యడానికి వాడుకుంటే, ఛందస్సు మీదో ప్రేమ కవిత్వం మీదో మాట్లాడటానికి ఆ కవిని ఎన్నడూ పిలవకపోతే, ఆ కుర్చీలోంచి లేచిపోవాలనిపించడం తప్పెలా అవుతుంది?

నల్లజాతి నవలా రచయిత్రి టోని మారిసన్ ఈ చిక్కుముడిని విప్పే పని పెట్టుకోలేదు, తెంచేసింది. 1998లో ఆస్ట్రేలియా టీవీ విలేఖరి ఒకామె, మీ పుస్తకాల్లో తెల్లవాళ్లకి ఎప్పుడు చోటిస్తారన్న అర్థంలో అడిగింది. ఆ ప్రశ్నలోనే ఎంత జాత్యహంకారం ఉందో మీకు తెలియడం లేదని మారిసన్ నిదానంగా చెప్పింది. తెల్ల రచయితని నల్లవాళ్ల గురించి ఎప్పుడు రాస్తారని ఎవరూ నిలదియ్యరు కదా. ఆమె ఆ నిదానానికి వెనక ఏళ్ల పని ఉంది. ర్యాండమ్ హౌస్‌లో సంపాదకురాలిగా టోని కేడ్ బంబారా, గేల్ జోన్స్ వంటివాళ్ల పుస్తకాలు వేసింది. 1974లో 'ది బ్లాక్ బుక్' అనే సంపుటం వెలువడటంలో ఆమె చెయ్యి ఉంది: పాత ఫొటోలు, పత్రికల ముక్కలు, పాటలు, బానిసల అమ్మకపు కాగితాలు. అందులో ఒక పాత వార్త, బిడ్డని మళ్లీ బానిసత్వానికి అప్పగించలేక తన చేతులతో చంపుకున్న మార్గరెట్ గార్నర్ అనే తల్లిది. దాన్నుంచే 1987లో 'బిలవెడ్' నవల పుట్టింది. తన జనం గురించి తన జనంతో మాట్లాడుకుంటే, మిగతా లోకం వినదలుచుకుంటే వచ్చి వింటుంది. ఆమె పద్ధతి అది.

అలా తమలో తాము మాట్లాడుకోవడం ఎలా ఉంటుందో తెలియాలంటే 1971లో లండన్‌లో చిత్రీకరించిన ఒక సంభాషణ చూడాలి. న్యూయార్క్ పబ్లిక్ టీవీలో 'సోల్!' అని నల్లవాళ్లు తమకోసం నడుపుకున్న కార్యక్రమం ఉండేది. దానికోసం బాల్డ్విన్‌నీ, నిక్కీ జొవాని అనే యువకవయిత్రినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఆయనకి నలభై ఏడు, ఆమెకి ఇరవై ఎనిమిది. ఆయన పుస్తకాలు చదువుతూ పెరిగిన తరం ఆమెది. మధ్యలో ప్రశ్నలడిగేవాళ్లు లేరు. 1973లో అది పుస్తకంగా కూడా వచ్చింది.

అందులో షార్ట్ర్ చర్చి లేదు. చాలాసేపు మాటంతా ఇంటి చుట్టూ తిరుగుతుంది. నల్లజాతి మగవాడు బయట పడే అవమానం గురించి బాల్డ్విన్ ఓపిగ్గా చెబుతాడు. బిడ్డ పుట్టబోతోంది, ఉయ్యాల కొనడానికి చేతిలో డబ్బు లేదు, మగవాడంటే సంపాదించి పెట్టేవాడని లోకం నేర్పింది, ఆ సిగ్గుతో అతను గడప దాటి వెళ్లిపోతాడు. జొవానికి అప్పటికి ఇంట్లో రెండేళ్ల కొడుకున్నాడు, ఒంటరిగా పెంచుకుంటోంది. ఉయ్యాల లేకపోతే మానె, నువ్వు రా అంటుంది ఆమె. బిడ్డ ఎక్కడో ఒకచోట పడుకుంటుంది. బయట యజమాని ముందు నవ్వగలిగినవాడివి ఇంటికొచ్చి నా ముందు ఎందుకు నవ్వలేవు, అబద్ధమైనా సరే నవ్వు అంటుంది. ఆయన చరిత్ర చెబుతాడు, ఆమె వింటుంది, మళ్లీ అక్కడికే వస్తుంది. ఆయన చెప్పిన ప్రతి కారణమూ నిజమే. ఆమె అడిగిన దానికి మాత్రం అవి సరిపోవు. ఆయన ఆమెని పసిపిల్లలా చూడడు, ఆమె ఆయన్ని విగ్రహంలా చూడదు. ప్రేమ ఉన్నచోటే అంత గట్టిగా నిలదియ్యగలరు.

లాయ్కర్‌బాద్‌లో కూర్చుని నేనెవరివాణ్ణని ప్రశ్నించుకున్న మనిషికి నాకు తెలిసినంతలో దీటైన జవాబు ఇదే. నువ్వు ఏ చర్చికి చెందుతావో తరవాత చూద్దాం, ఈ ఇంటికి చెందుతావా లేదా? బాక్ మీద హక్కుని కోల్ తేల్చగలిగాడు. ఈ ఇంటి ప్రశ్నని తేల్చడం వ్యాసాలతో అయ్యేది కాదు.

మన దగ్గర ఈ ప్రశ్న అడిగినవాళ్లు లేకపోలేదు. దళిత ఉద్యమంలో మగవాళ్లు సగర్వంగా మాట్లాడుతున్న రోజుల్లోనే చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర, గోగు శ్యామల లాంటివాళ్లు మా బతుకు మాటేమిటని అన్నలనే నిలదీశారు. శ్యామల కూర్చిన దళిత స్త్రీల రచనల సంపుటానికి 'నల్లపొద్దు' అని పేరు. అయితే ఆ మాటలు చాలావరకు కవితలుగా, ముందుమాటలుగా, ఉపన్యాసాలుగా విడివిడిగా ఉండిపోయాయి. ఒకరు రాశారు, ఇంకొకరు మరో పత్రికలో బదులిచ్చారు. ఎదురెదురుగా కూర్చుని, కెమెరా నడుస్తుండగా రెండు గంటలు తెగకుండా సాగిన మాట మన దగ్గర అరుదు. మనకి దొరికేవి ఎక్కువగా ఇంటర్వ్యూలు. వాటిలో అడిగే ప్రశ్న ముందే తెలుసు: దళిత రచయితగా మీరు ఎదుర్కొన్న వివక్ష ఏమిటి? జవాబు ఎంత నిజమైనా, వినేవాడి కుతూహలం తీర్చడానికే రచయిత మళ్లీ మళ్లీ గాయం విప్పి చూపాల్సి వస్తోంది.

తెలంగాణలో గానీ పల్నాడులో గానీ ఏదో ఒక వాడనుంచి వచ్చి ఇప్పుడిప్పుడే రాస్తున్న అమ్మాయినీ, నలభై ఏళ్లుగా రాస్తున్న పెద్ద కవినీ ఒక గదిలో కూర్చోబెడితే బాగుండును. మధ్యలో నిర్వాహకుడు వద్దు. జాషువా పద్యం దగ్గర మొదలుపెట్టినా సరే, ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతున్నారన్న దగ్గర మొదలుపెట్టినా సరే. ఆమె "అన్నా, నువ్వు రాసింది నేను చదివే పెరిగాను, ఇప్పుడు నేనడిగేది విను" అని మొదలుపెట్టాలి. ఆయన వినాలి.