అక్షయ తూణీరం మీద ఆశ

అమెరికాలో చొక్కా కింద పిస్తోలు దాచుకుని బజారుకూ హోటలుకూ చర్చికీ వెళ్లే మామూలు పౌరుడికి ఆ పిస్తోలుకు చోటు దొరికినంత సులువుగా దాని స్పేర్ మ్యాగజీన్‌కు దొరకదు. 9 ఎంఎం తూటాలు 15 పట్టే మ్యాగజీన్‌ను నిండుగా నింపితే ఇంచుమించు పావుకిలో తూగుతుంది. కుడిచేతివాటం మనిషి పిస్తోలును కుడి నడుముకు పెడతాడు కాబట్టి మ్యాగజీన్‌ను ఎడమవైపు బెల్టుకు తగిలిస్తాడు. తీసేటప్పుడు చూపుడువేలు పైతూటాను తాకి దారి చూపాలి కనుక తూటాల మొనలు ముందుకు ఉండేలా పెడతాడు. మెత్తటి బెల్టు ఆ బరువుకు జారుతుందని గట్టి బెల్టు కొంటాడు. కూర్చుంటే అంచు పొట్టలో గుచ్చుకుంటుంది. అది భరించలేని వాళ్లు జేబులోకి మారుస్తారు. అక్కడ అది అడ్డం తిరగకుండా క్లిప్పున్న పౌచ్ వాడతారు. దుమ్మూ నూగూ తూటాల మధ్యకు చేరతాయని తాళంచెవులూ చిల్లరా ఉండే జేబులో మాత్రం వేయరు. చీలమండకు కట్టుకునేవాళ్లున్నారు. పిస్తోలూ మ్యాగజీనూ పక్కపక్కన ఇమిడే ఒకే హోల్‌స్టర్‌ను పొట్ట ముందు, ప్యాంటు లోపల పెట్టుకునేవాళ్లున్నారు. ఇంతవరకూ ఇవి ఒంటికీ బట్టలకూ సంబంధించిన ఇబ్బందులే. నిండు పిస్తోలు నడుముకు ఉండగా రెండో మ్యాగజీన్ ఎందుకు అని అడిగితే మాత్రం మాట ధర్మం దగ్గరకు వస్తుంది. నా సమాధానం ముందే చెబుతాను. చెడిపోగల యంత్రానికి మందుగా మోస్తే అది ఆత్మరక్షణ ధర్మంలో ఇముడుతుంది. భయానికి మందుగా మోస్తే ఇమడదు, ఎందుకంటే భయం ఏ లెక్క దగ్గరా ఆగదు.

ఆత్మరక్షణ కోసం ప్రాణం తీయవచ్చా అన్న ప్రశ్న కొత్తది కాదు. మన ధర్మశాస్త్రాలు ఇంటికి నిప్పు పెట్టేవాణ్ణీ, విషం పెట్టేవాణ్ణీ, ఆయుధం ఎత్తి మీదికి వచ్చేవాణ్ణీ ఆతతాయి అన్నాయి. అలాంటివాడు గురువైనా వృద్ధుడైనా సరే, చంపడానికి వెనుకాడనక్కర్లేదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం అంటుంది. అయినా గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు ఆతతాయిలను చంపినా పాపం అంటుతుందనే దిగులు పడ్డాడు. శాస్త్రం అనుమతించినంత మాత్రాన మనసు తేలికపడదని వ్యాసుడికి తెలుసు. పదమూడో శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ ఇంకో దారిలో దాదాపు ఇక్కడికే వచ్చాడు. తన ప్రాణం కాపాడుకోవాలన్న ఉద్దేశంతో దెబ్బ తీస్తే తప్పు లేదు, కానీ అవసరానికి మించి బలం వాడితే ఆ పని అధర్మం అవుతుందన్నాడు. అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్ 23న బ్రూయెన్ కేసులో ఇచ్చిన తీర్పు, ఇంటి బయట కూడా ఆత్మరక్షణకు పిస్తోలు వెంట ఉంచుకోవడం పౌరుల హక్కేనంది. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో దానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. శాస్త్రం, మతం, చట్టం వేర్వేరు నేలల్లో పుట్టినా ఒక విషయం మూడింటిలోనూ ఉంది. చంపే అనుమతి మనిషికి ఆస్తిలాగా దఖలు పడలేదు. అది దాడితో పుడుతుంది, దాడి ఆగగానే పోతుంది. కాబట్టి ఈ హక్కుకు హద్దు దాని పుట్టుకలోనే ఉంది.

ఈ హద్దును దగ్గర పెట్టుకుని స్పేర్ మ్యాగజీన్‌ను చూడాలి. దాన్ని మోయమని చెప్పే శిక్షకులు రెండు కారణాలు చెబుతారు, ఆ రెండూ ఒకటే అన్నట్టుగా చెబుతారు. మొదటిది యంత్రానికి సంబంధించింది. ఆటోమేటిక్‌గా తూటా ఎక్కే పిస్తోలులో అన్నిటికంటే బలహీనమైన భాగం మ్యాగజీనే. పల్చటి రేకు, లోపల స్ప్రింగు, పైన తూటాను పట్టి ఉంచే రెండు పెదవులు. కింద పడి పెదవి వంగితే తూటా సరిగ్గా ఎక్కదు. రెండు తూటాలు ఒకేసారి ఎక్కబోయి ఇరుక్కుంటే మ్యాగజీన్‌ను పూర్తిగా ఊడబెరికితే గానీ దారి క్లియర్ కాదు. పెనుగులాటలో మీట నొక్కుకుపోతే మ్యాగజీన్ తనంతట తానే జారిపడుతుంది. అప్పుడు చేతిలో మిగిలేది ఒక్క తూటా ఉన్న ఇనుపముక్క. ఈ వాదంలో నిజాయితీ ఉంది. ఇది కారులో స్టెప్నీ లాంటిది. దాన్ని పెట్టుకున్నవాణ్ణి ఎవరూ పిరికివాడనరు. రెండో కారణం లెక్కకు సంబంధించింది. దుండగులు ముగ్గురు వస్తే? అయిదుగురు వస్తే? ఉన్న తూటాలు చాలకపోతే?

పౌరులు తుపాకీతో దాడిని ఆపిన ఘటనల్లో బాగా నమోదైన రెండింటిని చూస్తే రెండో కారణానికి ఆధారం పలచబడుతుంది. 2019 డిసెంబర్ 29న టెక్సస్‌లోని వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో ప్రార్థన జరుగుతుండగా ఒకడు ఇద్దరిని కాల్చి చంపాడు. చర్చి భద్రత చూసే జాక్ విల్సన్ ఒకే ఒక్క తూటాతో వాణ్ణి పడగొట్టాడు. మొదలు నుంచి చివరిదాకా ఆరు సెకన్లు. 2022 జూలై 17న ఇండియానాలోని గ్రీన్‌వుడ్ పార్క్ మాల్‌లో ముగ్గురిని చంపిన హంతకుణ్ణి 22 ఏళ్ల యువకుడు పది తూటాలు కాల్చి ఆపాడు. అక్కడా రెండో మ్యాగజీన్ అవసరం రాలేదు. రెండు ఘటనలు పట్టుకుని లోకమంతా ఇంతే అనడం తప్పే, నేను అలా అనడం లేదు. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు చనిపోయిన కాల్పుల్లో, గాయపడ్డ చేతులతో రివాల్వర్లలో మళ్లీ తూటాలు నింపుకోవడం ఎంత ఘోరమైన పనో తేలింది. ఆ తర్వాత ఎఫ్‌బీఐ ఆయుధాలనే మార్చుకుంది. కానీ ఆ ఏజెంట్లు బ్యాంకు దొంగల్ని వెతికి పట్టుకోవడానికి వెళ్లారు. పోలీసుకు వెంబడించే బాధ్యత ఉంది. పౌరుడికి ఉన్నది తననూ తనవాళ్లనూ కాపాడుకుని బయటపడే బాధ్యత. పోలీసు లెక్కను పౌరుడు తన నడుముకు కట్టుకున్నాడంటే తన పని ఏమిటో మరిచిపోతున్నాడని అర్థం.

లెక్క ఎందుకు ఆగదో మహాభారతం చెప్పినంత స్పష్టంగా ఇంకెవరూ చెప్పలేదు. ఖాండవ దహనానికి ముందు అగ్ని కోరగా వరుణుడు అర్జునుడికి గాండీవంతో పాటు రెండు అక్షయ తూణీరాలు ఇచ్చాడు. ఎంత కాల్చినా ఖాళీ కాని పిస్తోలు కావాలన్న కోరికకు అంతకంటే పాత రూపం నాకు కనిపించలేదు. ఆ తూణీరాలు కురుక్షేత్రం దాటించాయి. మౌసల పర్వానికి వచ్చేసరికి కృష్ణుడు లేడు. ద్వారక స్త్రీలను వెంటబెట్టుకుని వస్తున్న అర్జునుడి మీద కర్రలు పట్టుకున్న ఆభీరులు పడ్డారు. గాండీవం ఎక్కుపెట్టడమే కష్టమైంది, అస్త్రాలు గుర్తుకు రాలేదు, తరగని బాణాలు తరిగిపోయాయి. వింటికొనతో కొట్టాల్సి వచ్చింది. కథ ఇక్కడితో ఆగితే అది ఓటమి కథ మాత్రమే. మహాప్రస్థానిక పర్వంలో రాజ్యం, నగలు, అగ్నిహోత్రం అన్నీ వదిలి నారబట్టలు కట్టుకుని బయలుదేరిన అర్జునుడు ఆ వింటినీ ఆ తూణీరాలనూ మాత్రం మోస్తూనే ఉన్నాడు. ఖాళీ అవుతాయని కళ్లారా చూశాక కూడా మోశాడు. వ్యాసుడు దానికి కారణంగా శత్రువును చూపలేదు. విలువైన వస్తువు మీద లోభం అన్నాడు. అగ్ని దారికడ్డం నిలిచి తిరిగిమ్మని అడిగాకే అర్జునుడు వాటిని నీళ్లలో విడిచాడు. ముందుజాగ్రత్త ఏ దశలో ఆసక్తిగా మారిందో అర్జునుడంతటివాడే గుర్తుపట్టలేదు. 15 తూటాల వెనుక 15, వాటి వెనుక ఇంకో 15 అని పేర్చుకునేవాడు తాను గుర్తుపడతానని ఎలా చెప్పగలడు?

తూటాలు అయిపోయి కొత్త మ్యాగజీన్ ఎక్కించేదాకా ఒక విరామం ఉంటుంది. శిక్షణ అంతా దాన్ని ఒకటి రెండు సెకన్లకు కుదించడానికే. ఆ విరామంలో ఏం జరిగిందో 2011 జనవరి 8న టూసన్‌లో లోకం చూసింది. 33 తూటాలు పట్టే మ్యాగజీన్‌తో ఒకడు కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్‌తో పాటు చుట్టూ ఉన్నవాళ్లను కాల్చాడు. ఆరుగురు చనిపోయారు, వాళ్లలో తొమ్మిదేళ్ల పాప ఉంది. వాడు మ్యాగజీన్ మార్చబోయినప్పుడు నిరాయుధులైన జనం మీద పడి పట్టుకున్నారు. ప్యాట్రీషియా మైష్ అనే 61 ఏళ్ల స్త్రీ వాడి స్పేర్ మ్యాగజీన్‌ను వాడికి అందకుండా లాక్కుంది. తెలుగువాళ్లకు గుండెల్లో గుచ్చుకునే ఘటన ఇంకొకటుంది. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేథ్‌లో ఒక బార్‌లో హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను జాతిద్వేషంతో కాల్చి చంపారు. బల్ల కింద దాక్కున్న ఇయన్ గ్రిలట్ అనే యువకుడు పేలిన తూటాలు లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిదయ్యాయి, ఇక మ్యాగజీన్ ఖాళీ అనుకుని హంతకుడి వెంట పడ్డాడు. లెక్క తప్పింది. తూటా అతని చేతిలోంచి ఛాతీలోకి వెళ్లింది, అయినా బతికాడు. చేతిలో ఏమీ లేని మనిషి ధైర్యం చొరబడేది తూటాలు ఆగిన ఆ కాస్త సందులోంచే. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ రాష్ట్రాలు మ్యాగజీన్‌ను పది తూటాలకు పరిమితం చేయడంలో ఉన్న తర్కమూ ఈ సందు గురించే.

దీనికి వెంటనే ఒక ఆక్షేపణ వస్తుంది, బలమైనదే. అవి హంతకుల విరామాలు. కాపాడుకునేవాడికి అదే విరామం చావు కావచ్చు. ఒప్పుకుంటాను. హంతకుడి చేతిలో విరామం, బాధితుడి చేతిలో విరామం ధర్మదృష్టిలో ఒకటి కావు. కానీ కాపాడుకునేవాడికి కూడా ఆ క్షణంతో ఒక పని ఉంది. మొదటి మ్యాగజీన్ ఖాళీ అయ్యేసరికి 15 తూటాలు ఏ గోడల్లోంచి ఎటు వెళ్లాయో అతను చూసుకోవాలి. ఎదుటివాడు ఇంకా దాడి చేస్తున్నాడా, పారిపోతున్నాడా, పడిపోయాడా అని చూడాలి. పారిపోతున్నవాణ్ణి కాలిస్తే ఆత్మరక్షణ హత్యగా మారిపోతుంది. కాబట్టి రెండో మ్యాగజీన్ ఎక్కించడమంటే రెండోసారి తీర్పు చెప్పడం. చూడకుండా, ఆలోచించకుండా, చెయ్యి తనంతట తానే చేసేలా దాన్ని అలవాటు చేయడంలో ప్రమాదం ఇదే. ఇరుక్కున్న తూటాను తీసే నేర్పు చేతికి అలవాటు కావాలి. మళ్లీ కాల్చాలన్న నిర్ణయం ఎన్నడూ అలవాటు కాకూడదు.

ఇంకో ఆక్షేపణ దీనికంటే బాధాకరమైనది. 1991 అక్టోబర్ 16న టెక్సస్‌లోని కిలీన్‌లో లూబీస్ హోటల్లో ఒకడు 23 మందిని చంపాడు. అప్పటి చట్టానికి భయపడి సుజానా హప్ తన రివాల్వర్‌ను కారులోనే వదిలి లోపలికి వెళ్లింది. ఆ కాల్పుల్లో ఆమె తల్లీ తండ్రీ పోయారు. తర్వాత ఆమె టెక్సస్ శాసనసభకు ఎన్నికైంది, ఆయుధం వెంట ఉంచుకునే హక్కు కోసం ఏళ్ల తరబడి వాదించింది. ఆమె ముందు నిలబడి అపరిగ్రహం గురించి, అంటే అవసరానికి మించి కూడబెట్టకపోవడం గురించి ఉపన్యాసం చెప్పే అర్హత ఎవరికీ లేదు. ఆమె అనుభవం నుంచి సౌకర్యం పక్షాన ఒక వాదం పుడుతుంది: గుచ్చుకునే ఆయుధాన్ని మనిషి కారులోనో ఇంట్లోనో వదిలేస్తాడు, వదిలేసిన రోజే అవసరం వస్తుంది. అందుకని ఒంటికి హాయిగా ఉండే పౌచ్‌లూ బెల్టులూ తప్పని నేననను. వదులుగా జేబులో దొర్లే మ్యాగజీన్ కంటే సరిగ్గా బిగించి పెట్టినది అందరికీ క్షేమం. పైగా లూబీస్ కథ మొదటి పిస్తోలు గురించి చెబుతుంది. రెండో మ్యాగజీన్ గురించి చెప్పదు. ఒంటికి సౌకర్యం ఇవ్వవచ్చు. మోస్తున్న సంగతే మరిచిపోయేంత సౌకర్యాన్ని మాత్రం మనసుకు ఇవ్వకూడదు. ఒకరి చావును నడుముకు కట్టుకున్నవాడు దాని బరువును రోజూ ఒక్కసారైనా తెలుసుకోవాలి.

ఆయుధధారణకు మతంలో ఆధారం వెతికే అమెరికన్ క్రైస్తవులు లూకా సువార్త 22వ అధ్యాయం చూపిస్తారు. వస్త్రం అమ్మైనా కత్తి కొనుక్కోమని యేసు చెప్పాడంటారు. అదే చోట శిష్యులు తమ దగ్గర రెండు కత్తులున్నాయన్నప్పుడు ఆయన ఇంకా తెమ్మనలేదు. అంతమంది మనుషులకు రెండు కత్తులు యుద్ధానికి సరిపోవు. ఆ రాత్రి యేసును పట్టుకోవడానికి వచ్చినవాళ్లలో మల్కు అనేవాడి చెవిని పేతురు కత్తి దూసి నరికితే, యేసు వద్దని వారించి ఆ చెవిని బాగుచేశాడు. ఆయుధధారణనే ధర్మంగా విధించిన సిక్కు సంప్రదాయం కూడా దీక్ష తీసుకున్న అమృతధారికి కిర్పాణ్ అనే కత్తిని బాధ్యతకు గుర్తుగా ఇచ్చింది, తరగని బలానికి కాదు. గీత పదహారో అధ్యాయం దైవీ సంపదలో మొట్టమొదట చెప్పింది అభయం. తాను భయపడకపోవడంతో అది పూర్తి కాదు. సన్యాసం తీసుకునేవాడు సర్వభూతాలకూ అభయం ఇస్తాడు. గృహస్థుకు అంత పెద్ద వ్రతం సాధ్యం కాకపోవచ్చు. పక్క కుర్చీలో కూర్చున్నవాడికి, తన ఇంట్లో తిరిగే పిల్లవాడికి మాత్రం అతను అభయం ఇచ్చే తీరాలి.

ఇంటి సంగతి చివరికి అట్టిపెట్టాను, ఎందుకంటే భయం అటు చూడనే చూడదు. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. వాళ్లలో 26,328 మంది తమను తాము కాల్చుకున్నవాళ్లు. సగానికి పైగా చావుల్లో దుండగుడు లేడు, ముఠా లేదు, తూటాల లెక్క లేదు. స్పేర్ మ్యాగజీన్ ఒక్కరినీ కాపాడేది కాదు, మొదటి తూటాయే చాలింది. డాలస్‌లోనో అట్లాంటాలోనో న్యూజెర్సీలోనో ఉంటూ, ఒలేథ్ తర్వాత పిస్తోలు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు నేను చెప్పేది ఒక్కటే. పిస్తోలు ఉంచుకోవాలనుకుంటే ఉంచుకోండి, చెడిపోతుందన్న అనుమానంతో ఒక్క స్పేర్ మ్యాగజీన్ కూడా ఉంచుకోండి. దానికి పౌచ్ కొనేముందు మాత్రం పిల్లలకూ, మనసు కుంగి ఉన్న పెద్దలకూ అందకుండా తాళం పడే ఇనుప పెట్టె కొనండి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి.