దరఖాస్తులో సత్యము

సత్యమే పలుకవలెనని మన పెద్దలందరును చెప్పియున్నారు. కాని ఆ సత్యమువలన చదువే పోవునట్లున్నచో నేమి చేయవలెను? ఈ ప్రశ్న ఇటీవల మాకెదురైనది.

గోపాలపూర్‌లో విశ్రాంతి జీవితము గడుపుచున్న మా యొద్దకు ఇరుగుపొరుగువారు దరఖాస్తులు నింపించుకొనుటకు వచ్చుచుందురు. జాలరుల వీధినుండి యొక పిల్లవాడు కళాశాల ప్రవేశపత్రము తెచ్చెను. పరీక్షలలో అక్రమమునకు ఎన్నడైన శిక్షింపబడితిరా యని అందొక గడి కలదు. రెండేండ్ల క్రిందట ఆ బాలుడు చీటీతో పట్టుబడగా ఆ పరీక్ష రద్దయినది. మరుసటి యేడు మరల వ్రాసి నెగ్గినాడు. "తాతా, లేదని వ్రాసిన నెవరికి తెలియును?" అని అడిగెను.

మాకు వెంటనే బదులు తోచలేదు. వాని తండ్రి సముద్రమున వేటాడి తెచ్చిన సొమ్ముతో ఆ చదువు. నీతి చెప్పుట మాకు సులువు, నష్టము వానిది.

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముని కథ కలదు. గోత్రమేమని గౌతముడడుగగా, అది తన తల్లికే తెలియదని అతడు ఉన్నదున్నట్లు చెప్పెను. ఆ సత్యమునకు మెచ్చి గురువు శిష్యునిగా చేర్చుకొనెను. ఇక మనకు చేరువనే, 1992లో గంజాము నుండి విడివడిన గజపతి జిల్లాలో, మహేంద్రగిరి యున్నది. భారతమున కర్ణుడు మహేంద్రపర్వతమునకేగి, భార్గవ బ్రాహ్మణుడనని పరశురామునితో బొంకి అస్త్రవిద్య నేర్చెను. బొంకు బయటపడగా, ప్రాణాపాయ సమయమున బ్రహ్మాస్త్రము స్ఫురింపకుండునట్లు శాపము పొందెను.

అయితే సత్యకాముడు తప్పు చేసినవాడు కాడు. కర్ణుడు నిజము చెప్పియుండిన చేర్చుకొనబడెడివాడా యనుట కూడ న్యాయమైన ప్రశ్నయే. కావున భారమంతయు అర్థించువానిపైననే మోపరాదు. నిజము వ్రాసినవానిని త్రోసివేసి, దాచినవానిని చేర్చుకొను విద్యాలయము అసత్యమునకే తొలిపాఠము చెప్పుచున్నది.

గుమాస్తా పనిలో మేము నేర్చినదొకటి కలదు. లెక్కల పుస్తకమున తప్పు పడినచో బ్లేడుతో గీకరాదు. పాత అంకె కనబడునట్లు ఒక్క గీతతో కొట్టివేసి, సరియైన అంకె పైన వ్రాసి, పొడి సంతకము చేయవలెను. కొట్టివేతను తనిఖీదారు మన్నించును. గీకినచోటు కనబడెనా, పుస్తకమంతటిని శంకించును. జీవితమును అట్టిదే. అడుగనిచోట పాత తప్పును చాటుకొననక్కరలేదు. అడిగినచోట లేదని వ్రాసి, అంతయు సత్యమని క్రింద సంతకము చేయుట మాత్రము గీకివేతయే. మొదటి తప్పు భయమున జరిగినది. ఈ రెండవది తీరికగా ఆలోచించి చేయునది.

ఈ మాటలే చెప్పితిమి. బాలుడు కొంతసేపు కలము పట్టుకొని యూరకుండెను. పిదప ఏమి జరిగెనో, ఏ శిక్ష పడెనో, మరల ఎప్పుడు నెగ్గెనో మూడు వాక్యములలో వ్రాసెను. సాకు చెప్పలేదు, దయతలచుమని వేడుకొనలేదు.

ఫలితమింకను రాలేదు. సీటు రాకున్న వాని తల్లి మమ్ము నిందింపవచ్చును. ఆ మాట పడుటకు సిద్ధముగనే యున్నాము. ఈ సంచికను చదువువారిలో ప్రవేశపత్రములు పరిశీలించు పెద్దలుండిన, వారికి మా విన్నపమొక్కటే: కొట్టివేతను గీకివేతతో సమముగా నెంచకుడు.